అరువు తెచ్చిన కన్ను

హల్‌లో మా వీధి చివర లైబ్రరీ పుస్తకాలతో పాటు
వేడిని చూసే కెమెరా కూడా అరువిస్తుంది, మూడు రోజులకి,
ఇంట్లో ఎక్కడెక్కడ వెచ్చదనం జారిపోతోందో చూసుకోమని.
"కిటికీ మూలలు చూడు, తలుపు కింద చూడు" అంది మిసెస్ ఓల్డ్‌రాయిడ్,
జ్వరం బిడ్డని అప్పగిస్తున్నట్టు రెండు చేతులతో అందిస్తూ.

తలూపాను.
నేను చూడాలనుకున్నది కిటికీలని కాదు.

పద్నాలుగు నెలల కిందట నా చేతులతో నేనే బిగించుకున్న కంప్యూటరు,
ఒక్క వంతెన బొమ్మ గీయించబోతే చాలు,
విమానంలా రొదపెట్టి చటుక్కున కళ్ళు మూసేస్తుంది.
ఇన్నాళ్ళూ నేను తిట్టనిది లేదు:
ఫ్యాన్లని, దుమ్ముని, కొత్తగా వేసిన సాఫ్ట్‌వేర్‌ని,
అమ్మినవాణ్ణి, వాడి ముత్తాతని.

జనవరి. హంబర్ మీది గాలి గోడల్లోంచి నడిచి వస్తోంది.
కోదండం రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకుని
గ్యాసు బిల్లు చదువుతున్నాడు, వీలునామా చదివినట్టు.
ఇంట్లో వేడిగా ఉన్నది ఆ పెట్టె ఒక్కటే.
అదే చచ్చిపోతోంది, వేడెక్కి.

కెమెరా ఆన్ చేశాను.
మొదట కనిపించింది నేనే:
పెట్టె పక్క అద్దంలో నారింజరంగు దయ్యం,
ముక్కు కొస మాత్రం నీలం.
ఈ కంటికి గాజు కూడా గోడే. అవతలిది చూపించదు,
ఎదుట నిలబడ్డవాళ్ళ వేడినే తిప్పి చూపిస్తుంది.
నాలుగు మరలు విప్పి అద్దాన్ని సోఫాకి ఆనించాను.

లోపల ఊరంతా పడుకుంది, ఒక్క ఇల్లు తగలబడుతోంది.
ప్రాసెసర్ చుట్టూ బోర్డు తెల్లగా, కొలిమిలా.
దాని నెత్తిన కూర్చున్న రాగి గొట్టాలూ రేకులూ
అర్ధరాత్రి సముద్రం రంగు.
నమ్మలేదు. మెరిసే రాగి ఈ కెమెరాతో అబద్ధమాడుతుందని
ఎక్కడో చదివాను: తన వేడి దాచుకుని గదిని చూపిస్తుందిట.
అందుకని కరెంటు పనివాళ్ళ నల్ల టేపు
బొట్టుబిళ్ళంత కత్తిరించి దాని నుదుట అంటించాను.
ఇక నిజం చెప్పు.

ముప్ఫై ఒకటి, అంది.
కింద చిప్పు తెర మీద చెబుతున్నది తొంభై ఏడు.
మధ్యలో వేలెడు దూరం లేదు.
పొయ్యి మండుతోంది, గిన్నె పైనే ఉంది,
నీళ్ళు మాత్రం చన్నీళ్ళు.

"మధ్యలో ఎవరో అడ్డుపడుతున్నారు" అన్నాడు కోదండం
బిల్లు మీంచి తల ఎత్తకుండా,
పెళ్ళి సంబంధం గురించి మాట్లాడినట్టు.

కరెంటు తీసి, కూలర్ విప్పి, వెనక్కి తిప్పాను.
రాగి పాదానికి అంటుకుని
ఉల్లిపొర లాంటి ప్లాస్టిక్ కాగితం,
పద్నాలుగు నెలల ఉడుక్కి అంచులు ముడుచుకుని.
తుడిస్తే ఎర్రటి అక్షరాలు, ఇంకా చక్కగా:
అమర్చే ముందు దీన్ని తొలగించండి.

చాలాసేపు నేల మీదే కూర్చున్నాను.
ఆ రోజు గుర్తొచ్చింది. పేస్టు కందిగింజంతా, పెసరగింజంతా అని
గంటసేపు నాతో నేనే వాదించుకుని
ఊపిరి బిగబట్టి ఎంత కొలిచి వేశానో,
ఈ పొర కింద.
అమ్మినవాడి ముత్తాతకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

మళ్ళీ బిగించాక బొట్టుబిళ్ళ యాభై రెండంది.
చిప్పు అరవై మూడు.
రేకులు ఊదా, ఆ తర్వాత కుంకుమ, ఆ తర్వాత ఒకటొకటే పసుపు,
కింది నుంచి పైకి తెల్లవారుతున్నట్టు.
వంతెన పూర్తిగా వచ్చింది, చివరి తీగ వరకు.
వెనక ఫ్యాను వేడిగాలి వదులుతుంటే
కోదండం కిక్కురుమనకుండా కుర్చీ జరుపుకుని
అటు పాదాలు చాపాడు.
కెమెరాలో చూశాను: పది వేళ్ళూ నీలం.
ముందు బొటనవేళ్ళకి రంగొచ్చింది.

కిటికీలు గుర్తొచ్చేసరికి గడువు అయిపోయింది.
"ఎక్కడ కారుతోంది?" అడిగింది మిసెస్ ఓల్డ్‌రాయిడ్ ఫారం మీద పెన్ను ఆనించి.
కారడం కాదండీ, ఒకచోట పారడం లేదు, అందామనుకున్నాను.
ఆ మాట ఇంగ్లీషులో ఎటు తిప్పినా నిలబడలేదు.
"తలుపు కింద" అని రాయించాను.

బస్టాపులో చూసుకుంటే ఆ పొర
నా కోటు చేతికి అంటుకునే ఉంది.
దులిపాను.
మళ్ళీ అంటుకుంది.